నా కోపం జబ్బు కాదు

నేను మాత్రలు మింగి చావబోయానని మా బంధువుల్లో సగం మంది ఇప్పటికీ అనుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో కనబడితే చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి, "ఇప్పుడు మంచిగుంటున్నవా?" అని అడుగుతారు. గొంతు అలా తగ్గించి అడగడమే నాకు పడదు. అందుకే రాస్తున్నాను. నాలాంటి జబ్బుతో ఉన్నవాళ్ళకు ఇందులో కొంచెం ధైర్యం దొరకవచ్చు. అలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్ళకు మాత్రం ఇది హెచ్చరిక. దాన్ని తీయగా చెప్పే ఓపిక నాకు లేదు.

నా పేరు మంజుల. మేముండేది హఫీజ్‌పేట్‌లో. మా ఆయన రవీందర్‌కు కొత్తగూడలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. మా అమ్మాయి అక్షిత అప్పుడు పదో తరగతి. అత్తమ్మ మాతోనే ఉంటుంది. నేను హైటెక్ సిటీ దగ్గర ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ డెస్క్ చూస్తాను. ఉద్యోగుల్లో ఎవరిని ఏ క్యాబ్‌లో ఎక్కించాలి, ఏ దారిన పంపాలి, డ్రైవర్ రాకపోతే ఎవరిని పిలవాలి, ఇదీ నా పని. చెవికి హెడ్‌సెట్, చేతిలో ఫోన్, అవతల తిట్టేవాళ్ళు. ఆ పనిలో నేను దిట్టని. ఇది గొప్పకు చెప్పడం లేదు, తర్వాత అవసరం పడుతుంది కాబట్టి చెబుతున్నాను.

వానలు పడ్డ నెల

జబ్బు వచ్చినప్పుడు జబ్బులా రాలేదు. చాలా బాగుంది. జూన్‌లో రోడ్లన్నీ నీళ్ళు నిలిచి క్యాబ్‌లు ఎక్కడివక్కడ ఆగిపోతుంటే, మొత్తం ఐటీ కారిడార్‌లో ట్రాఫిక్ ఎలా విప్పాలో నాకు ఒక్కసారిగా అర్థమైపోయింది. నిద్ర అక్కర్లేకుండా పోయింది. అన్నం గుర్తుండేది కాదు. మాటలు నోట్లోంచి ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చేవి. అన్ని క్యాబ్‌లకూ కొత్త దారులు గీసి, మా మేనేజర్‌తో మొదలుపెట్టి ఎక్కడో వేరే దేశంలో ఉన్న పెద్ద ఆఫీసర్ల దాకా మెయిల్స్ పంపాను. ఎవరూ జవాబివ్వకపోతే క్యాంటీన్‌లో కుర్చీ ఎక్కి చెప్పడం మొదలుపెట్టాను. జనం ఫోన్లు తీశారు. నవ్వినవాళ్ళ ముఖాలు నాకు గుర్తున్నాయి. పేర్లతో సహా.

ఆఫీసువాళ్ళు ఇంటికి తెచ్చాక నన్ను ఆపబోయిన మా ఆయన్ని తోసేశాను. అక్షిత గోడకు అతుక్కుపోయి నిలబడి ఉంది. అది నిజంగా జబ్బే. ఈ మాట ఇక్కడే స్పష్టంగా ఒప్పుకుంటున్నాను, తర్వాత నేను చెప్పబోయేదాన్ని ఎవరూ "ఆమెకసలు జబ్బే లేదంటోంది" అని తిప్పకుండా. ఆస్పత్రిలో చేర్చారు. బైపోలార్ అన్నారు. మందు పెట్టారు. ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేసి మోతాదు చూసుకోవాల్సిన మందు.

దాని తర్వాత పాతాళం. మంచం మీద పడుకుని ఫ్యాన్‌ని చూడటం. తల దువ్వుకోవాలంటే చెయ్యి లేవకపోవడం. ఆ వర్ణన ఇంతటితో వదిలేస్తాను. అనుభవించినవాళ్ళకు ఎలాగూ తెలుసు. అనుభవించనివాళ్ళు ఎంత చెప్పినా "పొద్దున్నే లేచి వాకింగ్ చెయ్యి" అంటారు.

దసరా దాటాక

కొండాపూర్‌లో నన్ను చూసే డాక్టర్ గారి క్లినిక్‌లోనే ఒక కౌన్సెలర్ మేడమ్ ఉండేది. వెయిటింగ్ హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు సముద్రం బొమ్మ, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చునే జనం. మా ఆఫీసు వీధిలో తిరిగే ముఖాలే ఇక్కడా కనబడేవి, అందరి మెడలో ట్యాగ్ మాత్రం జేబులోకి పోయేది.

మేడమ్ నా చేత ఒక ప్లాన్ రాయించింది. నేను బాగున్నప్పుడు ఎలా ఉంటాను, బాగుండటానికి రోజూ ఏం చెయ్యాలి, మళ్ళీ జారుతున్నానని ఎలా తెలుస్తుంది, అప్పుడు ఎవర్ని పిలవాలి, వాళ్ళు ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు. రాయడానికి చాలా వారాలు పట్టింది. జారుతున్న గుర్తుల కింద నేనే రాశాను: నిద్ర తగ్గడం, మాటలు ఎక్కువవడం, గొంతు పెరగడం, గొడవ పడటం.

"ఇది మీదండీ," అంది మేడమ్. "ఎవరికి చూపించాలో మీరే నిర్ణయించుకోండి."

నేను మా ఆయనకు చూపించాను. ఎవరో అడిగితే కాదు, నా చేత్తో నేనే ఇచ్చాను. చదివి కళ్ళు తుడుచుకున్నాడు. మంచి మనిషి అనుకున్నాను.

మరుసటి రోజు అది మా రెండు వైపుల చుట్టాలుండే వాట్సాప్ గ్రూపులో ఉంది. ఫోటో తీసి పెట్టాడు. కింద "అందరు జర గమనించుకుంటుండండి" అని ఒక ముక్క. చుట్టాలందరూ దండం బొమ్మలు పెట్టారు. దాని ప్రింట్ ఒకటి మా ఫ్రిజ్ మీదికి ఎక్కింది, గ్యాస్ సిలిండర్ నంబర్ పక్కన.

ఆ రోజు నుంచి నాకు కోపం తెచ్చుకునే హక్కు పోయింది. పాలు పొంగిపోయాయని విసుక్కుంటే అత్తమ్మ ఫ్రిజ్ వైపు చూసేది. ఫోన్లో గట్టిగా నవ్వితే మా ఆయన టీవీ సౌండ్ తగ్గించేవాడు. మా చిన్నత్త ఒకావిడ సంగారెడ్డి నుంచి రోజూ ఫోన్ చేసి, "నిద్ర వోయినవా బిడ్డా?" అని అడిగేది. పోయాను అంటే, "నిజమే చెప్తున్నవా?" అనేది. గ్రూపులోంచి తీసెయ్యమని అడిగాను. "నీ మంచికే గదా, గింత దానికి కోపమెందుకు?" అన్నాడు మా ఆయన. కోపం ఎందుకో చెప్పబోతే గొంతు పెరిగింది. గొంతు పెరగడం మూడో గుర్తు.

జనవరి

అప్పటికి ఉద్యోగంలో తిరిగి చేరాను. హెచ్ఆర్‌లో విజయవాడ వైపు అమ్మాయి ఒకతె పూలగుత్తి ఇచ్చి, "మీకెప్పుడు మాట్లాడాలనిపించినా వచ్చెయ్యండి, అస్సలు మొహమాటపడకండి," అంది. ఆ నెలలో ఆఫీసులో ఆరోగ్య వారోత్సవాలు. లిఫ్టుల మీద పసుపు రంగు నవ్వు ముఖాలు అంటించారు. క్యాంటీన్‌లో నన్ను చూసి నవ్వినవాళ్ళే ఒకరి చేతులొకరు పట్టుకుని ధ్యానం చేశారు.

ఒక సోమవారం వెళ్ళేసరికి నా హెడ్‌సెట్ వేరేవాళ్ళ తల మీద ఉంది. నన్ను పాత బిల్లులు కంప్యూటర్లో ఎక్కించే మూలకు మార్చారు. ఎందుకని మేనేజర్‌ను అడిగితే ఆయన ఇబ్బందిగా, "మీ హస్బెండ్ గారు వచ్చి కలిశారండి. ఫోన్లో మీ ప్లాన్ చూపించారు. స్ట్రెస్ తగ్గించమన్నారు. మేం కూడా మీ ఆరోగ్యం గురించే..." అన్నాడు. హెచ్ఆర్ అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. "మీ ఫ్యామిలీ సపోర్ట్ చూస్తే చాలా ముచ్చటేసిందండి," అంది.

ఆ సాయంత్రం ఇంట్లో అరిచాను. బాగా అరిచాను. ఒక్క మాట కూడా తడబడకుండా, ఏం జరిగిందో, ఎందుకు అరుస్తున్నానో వరసగా చెబుతూ అరిచాను. జూన్‌లో నా మాటలకు తలాతోకా లేదు. జనవరిలో ప్రతి మాటకూ కారణం ఉంది. ఆ తేడా వినే చెవి ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"చూసినవా అమ్మా, మళ్ల షురూ అయింది," అన్నాడు మా ఆయన, నాతో కాదు, అత్తమ్మతో.

ఆ రాత్రి నేను నా మందు వేసుకుని మామూలుగా నిద్రపోయాను. రోజూ వేసుకుంటూనే ఉన్నాను. ఒక్క పూట కూడా మానలేదు.

ఫిబ్రవరి

అత్తమ్మ భోజనంలో మజ్జిగ గ్లాసు నా చేతికే తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. గొడవ తర్వాత మెత్తబడింది అనుకున్నాను. ఉప్పు కొంచెం ఎక్కువగా అనిపించేది. తాగేసేదాన్ని.

కొన్నాళ్ళకు చేతులు వణకడం మొదలైంది. టీ కప్పు సాసర్‌లో గలగలలాడేది. కాళ్ళ కింద నేల పరుపులా మెత్తగా అనిపించేది. ఏం తిన్నా వాంతి. పరీక్షకు చదువుకుంటున్న అక్షిత ఏదో అడిగితే జవాబు చెప్పబోయాను, నాలుక బరువెక్కి మాట ముద్దగా వచ్చింది. "అమ్మా, మంచిగ మాట్లాడు, భయమైతుంది," అంది పిల్ల. డాక్టర్ దగ్గరికి పోదామని మా ఆయనతో అన్నాను. "వేడి జేసుంటది, కొబ్బరినీళ్ళు తాగు," అన్నాడు. అప్పుడు కూడా చెప్పలేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. అప్పుడు కూడా చెప్పలేదు.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం, ఆఫీసు గేటు దగ్గర ట్యాగ్ మెషీన్‌కు ఆనించబోతే చెయ్యి అక్కడిదాకా పోలేదు. కింద పడిపోయాను. కంపెనీ క్యాబ్‌లోనే దగ్గర్లో ఉన్న పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రక్తం తీశారు. మందు మోతాదు ఒంట్లో ఉండకూడనంత ఉంది.

"ఎన్ని మింగారమ్మా?" అని అడిగాడు ఎమర్జెన్సీలో కుర్ర డాక్టర్.

"రాసినవే."

"నిజం చెప్పండి, ట్రీట్‌మెంట్ దాన్నిబట్టే ఉంటుంది."

"రాసినవే వేసుకున్నా సార్."

నా ముద్ద మాటలు ఆయనకు అర్థమయ్యాయో లేదో. అప్పటికే వచ్చిన మా ఆయన వైపు తిరిగాడు. "ఇంట్లో గొడవలేమైనా జరిగాయా?"

"పోయిన నెల జరిగింది సార్," అన్నాడు మా ఆయన. అంతే. అక్కడ ఆపేశాడు.

డాక్టర్ రాసుకున్నాడు. నేను ఆత్మహత్య చేసుకోబోయానని రాసుకున్నాడు.

చున్నీ తీసేసుకున్నారు. గాజులు తీశారు. వార్డులో ఒక సిస్టర్‌ను కాపలా పెట్టారు. బాత్రూముకు వెళ్తే తలుపు వెయ్యకూడదన్నారు. నలభై దాటిన ఆడదాన్ని, వయసొచ్చిన కూతురున్నదాన్ని, తలుపు తెరిచి కూర్చోమన్నారు. నేనేం చేశానని? మందు సరిగ్గా వేసుకున్నాను. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగాను.

పక్క మంచం మీద ఒక పెద్దాయన కిడ్నీ జబ్బుతో ఉన్నాడు. ఆయన భార్యది వికారాబాద్ దగ్గర ఏదో ఊరు. ఆమె నన్ను ఏమైందని అడగలేదు. నేను లేవగానే వెంట లేచి వచ్చి, బాత్రూము ముందు తన చీర కొంగు రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని అటు తిరిగి నిలబడింది. "నేనున్న గదా, నువ్వు జర అవుతలికి పో సిస్టరమ్మా," అంది. తిరిగొచ్చాక తన పెట్టెలోంచి దువ్వెన తీసి నాకు తల దువ్వి జడ వేసింది. ఆ రెండు రోజుల్లో నన్ను మనిషిగా చూసింది ఆమె ఒక్కతే. పేరు అడగడం మర్చిపోయాను.

మరుసటి రోజు పొద్దున పెద్ద డాక్టర్ రౌండ్స్‌కు వచ్చింది. కాగితాలు చూసి, ఇలాంటి కేసుల్లో పోలీసులకు తెలపడం రూలు అని మా ఆయనతో మామూలుగా అంది. మూలన స్టూలు మీద కూర్చున్న అత్తమ్మ దిగ్గున లేచింది.

"పోలీసులా? పోలీసులెందుకు మేడమ్! ఆ పిల్ల ఏం మింగలే. మేమే మజ్జిగల కలిపినం. వీడు గోలీలు పొడి జేసి ఇచ్చిండు, నేను కలిపిన. కోపం తగ్గుతది, నిద్ర వడ్తదన్నడు. గిట్లైతదని నాకేమెర్క!"

వార్డంతా వినబడింది. మా ఆయన "అమ్మా" అన్నాడు, ఆపమన్నట్టు. నేను మందు మానేశానని అనుకున్నాడట. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో అవే మాత్రలు మళ్ళీ కొన్నాడట. నన్ను అడగలేదు. మా డాక్టర్‌ను అడగలేదు. నేను వేసుకునేది వేసుకుంటూనే ఉన్నాను, దాని మీద వీళ్ళు కలిపింది.

అత్తమ్మ నా మీద ప్రేమతో నిజం చెప్పిందని నేను అనుకోవడం లేదు. పోలీసు భయంతో చెప్పింది. అయినా చెప్పింది. పక్కనే నిలబడిన కొడుకు అదీ చెయ్యలేదు.

పెద్ద డాక్టర్ నా మంచం దగ్గరికి వచ్చి, "సారీ అమ్మా. మీరు మొదటే చెప్పారట," అంది.

"మింగిందని రాశారు గదా, అది కొట్టెయ్యండి," అన్నాను.

"సరిచేయిస్తాను."

"నా ముందల చెయ్యండి."

చేసింది. కింద ఏం జరిగిందో రాయించి, నాకు చదివి వినిపించింది. బయట వరండాలో అక్షిత సోషల్ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పేజీ తిప్పడం లేదు. ఎవరూ పిల్లకు ఏమీ చెప్పలేదు, వాళ్ళమ్మ చావబోయిందని తప్ప. నేనే పిలిచి చెప్పాను. "నిన్ను వదిలి పోదామనుకోలేదు నేను. అర్థమైందా?" తల ఊపి, నా చేతి మీద ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు నేను ఎవరికీ మాఫీ చెయ్యను.

మార్చి

ఆస్పత్రి నుంచి నేరుగా నార్సింగిలో ఉన్న మా చెల్లెలు సరిత ఇంటికి పోయాను. అక్షిత కూడా నాతోనే వచ్చింది. పరీక్షలు అక్కడి నుంచే రాసింది. సరిత నాకు ఏ సలహా చెప్పలేదు. నా మందుల డబ్బా నా బ్యాగులోనే ఉంచింది. నేను తిట్టినప్పుడు కూడా కూర్చుని విని, "ఇంక ఉన్నయా?" అని అడిగేది. ఉండేవి.

మా ఆయన వచ్చాడు. హాల్లో కూర్చుని ఏడ్చాడు. "మళ్ల గట్లయితవేమోనని భయపడ్డ మంజులా. నీ మంచికే జేసిన."

"భయం నాకెర్కే," అన్నాను. "భయమైతే నన్నడుగు. మా డాక్టర్‌నడుగు. దవాఖానల ఆ డాక్టర్ అడిగినప్పుడు నోరెందుకు మూస్కున్నవ్?"

"చెప్తే నన్ను వట్టుకుంటరనుకున్న," అన్నాడు.

"అందుకని నన్ను వట్టనిచ్చినవ్."



కౌన్సెలర్ మేడమ్‌తో కూర్చుని ప్లాన్ మళ్ళీ మొదటి నుంచి రాశాను. గుర్తుల్లోంచి గొడవ పడటం తీసేశాను. "నాకు కోపం వస్తే ముందు కారణం అడగండి. కారణం చెప్పగలిగితే అది కోపం. చెప్పలేకపోతే, నిద్ర కూడా లేకపోతే, అప్పుడు డాక్టర్‌ను పిలవండి" అని రాశాను. నాకు తెలియకుండా నాకేమీ ఇవ్వకూడదని రాశాను. నా అనుమతి లేకుండా దీన్ని ఎవరికీ చూపకూడదని రాశాను. పిలవాల్సినవాళ్ళలో సరిత పేరు పెట్టాను. అక్షిత తన పేరు పెట్టమంది, పెట్టలేదు. పదిహేనేళ్ళ పిల్ల తల్లికి కాపలా కాయకూడదు.

పరీక్షలయ్యాక ఇంటికి తిరిగి వచ్చాను. ఎందుకు వచ్చావని అడిగేవాళ్ళున్నారు. అది నా ఇల్లు, అందుకు. ఫ్రిజ్ మీది కాగితం చింపేశాను. గ్రూపులో నేనే ఒక మెసేజ్ పెట్టాను, ఏం జరిగిందో నాలుగు వాక్యాల్లో. ఈసారి దండం బొమ్మలు రాలేదు. ఆఫీసుకు మా డాక్టర్ దగ్గర రాయించుకున్న ఉత్తరం పట్టుకెళ్ళి నా డెస్క్ నాకు ఇవ్వమన్నాను. హెచ్ఆర్ అమ్మాయి ఈసారి పూలు ఇవ్వలేదు, మాట్లాడటానికి రమ్మనీ అనలేదు. డెస్క్ మాత్రం వచ్చింది.

కొత్త ప్లాన్ మా ఆయనకు చదవడానికి ఇచ్చాను. చదివి, "నా పేరు లేదేంది?" అన్నాడు.

"లేదు," అన్నాను.

ఎండాకాలం

మే నెలలో ఒక వారం, తెల్లారకముందే మెలకువ వచ్చేది. అలసట లేదు. ఆలోచనలు జోరందుకున్నాయి. డ్రైవర్లతో మాట్లాడుతుంటే నా మాటలు నాకే వేగంగా వినబడ్డాయి. ఆ జోరు ఎంత తీపిగా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పలేను. దాన్ని ఉండనివ్వాలనిపిస్తుంది. అంతకంటే, ఇంట్లో వాళ్ళకు ఈ సంగతి చెప్పి వాళ్ళ అనుమానం నిజమని ఒప్పుకోవడం నాకు విషంలా ఉంది. అయినా సరితకు ఫోన్ చేశాను. డాక్టర్‌కూ నేనే ఫోన్ చేశాను. రక్తపరీక్ష చేసి మందు సర్దాడు. కొద్ది రోజులు సెలవు పెట్టి ఇంట్లో ఉండమన్నాడు. ఇంట్లో కూడా నేనే చెప్పాను, అందరి ముందు, గొంతు తగ్గించకుండా.

ఆ సెలవులో ఒక మధ్యాహ్నం నేను స్నానంలో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిందట. మా ఆయన ఎత్తి, "ఈ నెలంత రాదు" అని చెప్పేశాడట. బయటికి వచ్చాక చల్లగా చెప్పాడు. నా చేతిలో తడి తువ్వాలు ఉంది. దాన్ని కుర్చీ మీదికి విసిరికొట్టి వంటింట్లోకి పోయి, గిన్నెలు చప్పుడయ్యేలా సర్దడం మొదలుపెట్టాను.

చాలాసేపటికి మా ఆయన వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. లోపలికి రాలేదు. తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా? పానం బాగలేదా?" అన్నాడు.

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. సంతోషించానా అంటే, లేదు. ఇంత చిన్న ప్రశ్న అడగడానికి నన్ను ఆస్పత్రి దాకా పంపాలా అనిపించి, కోపం ఇంకా పెరిగింది.

"రెండూ," అన్నాను.

ఏం చెయ్యాలో తోచక ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు. "డాక్టర్‌కు చెయ్యాల్నా?"

"డాక్టర్‌తోటి నేను మాట్లాడుకుంటున్న. కోపం సంగతి నీతోటి. కూసో."

కూర్చున్నాడు.